కలలోనే తెలిసింది... ఇది కల అని!

"ఇవ్వాళ మళ్లీ ఆ ఇంటికి పోయొచ్చిన బిడ్డా!"

తెల్లవారుజామున వాకిట్లో కళ్లాపి చల్లుతూ అత్తమ్మ మెల్లగా అన్న మాట ఇది. ఎవరైనా వింటే పక్క ఊరికి పోయొచ్చిందేమో అనుకుంటారు. కానీ ఆ రాత్రి ఆమె గడప దాటలేదు. మంచం కూడా దిగలేదు. పోయిందల్లా కలలోకే.

మాది జూలూరుపాడు. ఖమ్మం నుంచి తల్లాడ, ఏన్కూరు మీదుగా కొత్తగూడెం వెళ్లే బస్సెక్కితే దారిలో తగులుతుంది. ఒకప్పుడు ఖమ్మం జిల్లా, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. పత్తి, మిరప పండే చేలు, వాటిని ఆనుకుని అడవి. ఇక్కడ ఆడవాళ్లు పొద్దు పొడవకముందే లేస్తారు. లేచాక ఒకరి కల ఒకరికి చెప్పుకుంటారు. పాము కనబడిందనీ, పన్ను ఊడిందనీ, చనిపోయినవాళ్లు రమ్మని పిలిచారనీ... కల వచ్చింది ఒకరికైతే భయం నలుగురికి!

అత్తమ్మ కల మాత్రం వేరు. ఏడాదిగా నెలకు రెండు మూడుసార్లు అదే కల. పెద్ద మండువా ఇల్లు. పసుపు రాసిన గడప. పెరట్లో చింతచెట్టు, దాని పక్కన గిలకబావి. గడప మీద ఏడెనిమిదేళ్ల ఆడపిల్ల. "ఇంత ఆలస్యమేందమ్మా?" అంటుంది. అత్తమ్మ జవాబు చెప్పబోతుంది. నోరు పెగలదు. అంతలో మెలకువ వస్తుంది. గుండె దడదడ, ఒళ్లంతా చెమట.

అలాంటి ఇంట్లో ఆమె ఏనాడూ కాపురం చెయ్యలేదు. ఆ పిల్ల ఎవరో తెలియదు. ఆమెకు పుట్టినవాళ్లు ఇద్దరూ మగపిల్లలే.

"పోయిన జన్మల నీ బిడ్డేమో వదినా, పిలుస్తున్నది" అంది పక్కింటామె. అంతే! ఆ మాట అత్తమ్మ మనసులో ముల్లులా గుచ్చుకుంది. ఎవరో పక్క ఊళ్లో చెప్పేవాడొకడున్నాడంటే పోయి అడిగింది. అతను కాసేపు కళ్లు మూసుకుని, వెనకటి జన్మలో వదిలి వచ్చిన బిడ్డ ఆకలితో తిరుగుతోందనీ, శాంతి చేయించకపోతే ఈ జన్మలోని కొడుకులకు గండమనీ చెప్పాడు. ఖర్చు పదిహేను వేలు!

అత్తమ్మ ట్రంకు పెట్టెలో చీటీ పాడిన డబ్బుంది. పత్తి విత్తనాలకూ, ఎరువులకూ దాచింది. అది తీసిచ్చేస్తే తొలకరికి మళ్లీ వడ్డీకి తేవాల్సిందే.

"ఏం చెయ్యమంటవ్ బిడ్డా?" అని నన్నే అడిగింది. చదువుకున్న కోడల్ని కదా! నవ్వి కొట్టిపారేద్దామనే అనుకున్నాను. కానీ అలా చేస్తే ఆమె నాకు చెప్పడం మానేస్తుంది. డబ్బు మాత్రం ఇచ్చేస్తుంది. అందుకని "ఒక నెల ఆగుదాం అత్తమ్మా" అన్నాను. ఆ నెలంతా కలల గురించి దొరికిందల్లా చదివాను. చదివింది రోజూ ఆమెకు చెప్పాను.

తెల్లవారుజాము కల నిజమవుతుందా?

1953లో అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియల్ క్లైట్‌మన్ అనే ఇద్దరు ఓ సంగతి కనిపెట్టారు. నిద్రపోతున్న మనిషి మూసిన రెప్పల కింద కనుగుడ్లు కొన్ని వేళల్లో గబగబా కదులుతుంటాయి. అప్పుడు లేపి అడిగితే చాలామంది కల చెబుతారు. దీనికి 'రెమ్ నిద్ర' అని పేరు. ఇంచుమించు గంటన్నరకోసారి, రాత్రికి నాలుగైదుసార్లు వస్తుంది. మొదట్లో కొద్ది నిమిషాలే ఉంటుంది. తెల్లవారేకొద్దీ దాని నిడివి పెరుగుతుంది.

ఇప్పుడు మన ఇళ్లలో మాట గుర్తుచేసుకోండి. తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుందంటారు కదా! అసలు సంగతేమిటంటే, ఆ వేళకు వచ్చే కలలు పొడుగ్గా ఉంటాయి. కల మధ్యలో లేస్తే అది బాగా గుర్తుంటుంది. ఇంటిల్లిపాదికంటే ముందు లేచేది ఎవరు? ఇంటి ఇల్లాలే! మగవాళ్లు పొద్దెక్కేదాకా పడుకుని కల మరిచిపోతారు. మనం దాన్ని సగంలో వదిలి లేస్తాం. అందుకే అది రోజంతా మనసులో మెదులుతుంటుంది.

మరి నిజమైన కలల మాటేమిటి? చిన్న లెక్క వేద్దాం. రాత్రికి నాలుగు కలలనుకున్నా ఏడాదికి 1,460. అందులో ఒకటో రెండో జరిగిన సంగతితో కాస్త పోలడం వింతేం కాదు. పోలినదాన్ని పదేళ్లయినా చెప్పుకుంటాం. పోలని వేల కలల్ని ఆ పూటే మరిచిపోతాం.

ఇంకో సంగతి. రెమ్ నిద్రలో కళ్లు, ఊపిరి తీసే కండరాలు తప్ప ఒంట్లో మిగతా కండరాలు దాదాపుగా పట్టు వదిలేసి ఉంటాయి. కలలో పరుగెత్తితే నిజంగా మంచం మీంచి పడకుండా ప్రకృతి చేసిన ఏర్పాటిది. ఒక్కోసారి మెదడు ముందు మేలుకుని, ఒళ్లు ఆ పట్టులోనే ఉండిపోతుంది. కాలూ చెయ్యీ ఆడదు, అరవబోతే గొంతు రాదు. గుండెల మీద దయ్యం కూర్చుందని భయపడేది సరిగ్గా అప్పుడే. ఒకటి రెండు నిమిషాల్లో అదే వదిలిపోతుంది.

ఇది చెప్పగానే అత్తమ్మ "నాకు గొంతు పెగలనిది గందుకేనా?" అంది. అయ్యుండొచ్చు అన్నాను. ఆ రాత్రి కాస్త ధైర్యంగా పడుకుంది.

చరకుడి ఏడు కలలు

మన పెద్దలు కలలన్నిటినీ గుడ్డిగా నమ్మారనుకుంటే పొరపాటే. ఆయుర్వేదానికి పెద్ద దిక్కైన చరక సంహిత కలల్ని ఏడు రకాలుగా విడదీసింది. చూసినవి, విన్నవి, అనుభవించినవి, కోరుకున్నవి, ఊహించుకున్నవి, జరగబోయేవాటిని సూచించేవి, ఒంట్లో దోషం వల్ల వచ్చేవి. వీటిలో మొదటి ఐదింటికీ ఫలితం ఏమీ ఉండదని వైద్యుడు గ్రహించాలని చెప్పింది. మనకొచ్చే కలల్లో ఎక్కువ భాగం ఆ ఐదింట్లోనే పడతాయి కదా!

బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు జనకుడికి కల గురించి చెబుతాడు. ఈ లోకానికీ, ఆ లోకానికీ నడుమ సంధి వంటి చోటది. అక్కడ రథాలూ, దారులూ, చెరువులూ ఉండవు. కల కనేవాడే వాటిని కల్పించుకుంటాడు. ఇందులో రెండు వైపులా ఉన్నాయి చూడండి. వేరే లోకం అంచు అనీ అన్నాడు, అంతా మన సృష్టేననీ అన్నాడు!

కథల్లో కలలు కన్న ఆడవాళ్లూ ఉన్నారు. అశోకవనంలో త్రిజట తన కల చెప్పి తోటి రాక్షస స్త్రీలను హెచ్చరిస్తుంది, సీతకు ఊరట కలుగుతుంది. ఉష కలలో చూసిన అనిరుద్ధుణ్ణి మరిచిపోలేక కుమిలిపోతే, చెలికత్తె చిత్రలేఖ ఆమెను వెక్కిరించలేదు. ఒక్కొక్కరి బొమ్మా గీసి "వీడేనా?" అని అడిగింది. కల చెప్పుకునే మనిషికి ముందు కావాల్సింది అలా వినేవాళ్లే.

కలలో మేలుకోవడం

మీకెప్పుడైనా ఇలా జరిగిందా? కలలో పరీక్ష రాస్తుంటారు. పెన్ను కదలదు. ఉన్నట్టుండి "అరే, నా చదువైపోయి ఎన్నేళ్లయింది! ఇది కల కదూ!" అని కలలోనే తట్టుతుంది. దీన్నే 'లూసిడ్ డ్రీమ్' అంటారు. మనం ఎరుక కల అనుకుందాం. 1913లో ఈ మాటను వాడి ప్రచారంలోకి తెచ్చింది డచ్ వైద్యుడు, రచయిత ఫ్రెడరిక్ వాన్ ఈడెన్. ఇంగ్లండుకు చెందిన మేరీ ఆర్నాల్డ్ ఫార్‌స్టర్ అనే ఆవిడ 1921లో తన కలల మీద ఒక పుస్తకమే రాసింది. భయపెట్టే కల వచ్చినప్పుడు "ఇది కలే" అని తనకు తాను చెప్పుకోవడం ఎలా అలవాటు చేసుకుందో, కలలో ఎగరడం ఎలా నేర్చుకుందో అందులో వివరించింది.

ఎవరో చెబితే సైన్సువాళ్లు నమ్ముతారా? నిద్రపోయే మనిషి బయటివాళ్లకు కబురెలా పంపాలి? ఒళ్లు కదలదు, కానీ కళ్లు కదులుతాయి! 1975లో ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయంలో కీత్ హెర్న్ ఈ కిటుకు పట్టాడు. అలన్ వార్స్‌లీ అనే వ్యక్తి, ముందే అనుకున్న ప్రకారం, కలలో ఉండగానే కళ్లను ఎడమకూ కుడికీ తిప్పి 'నాకు తెలుస్తోంది' అని కబురందించాడు. తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో స్టీఫెన్ లాబెర్జ్ విడిగా ఇదే రుజువు చేసి 1981లో ప్రచురించాడు.

2021లో ఇంకా ముందుకెళ్లారు. అమెరికా, ఫ్రాన్స్, జర్మనీ, నెదర్లాండ్స్ పరిశోధకులు 36 మందితో ప్రయత్నించి, కలలో ఉన్నవాళ్లను ప్రశ్నలడిగారు. ఎనిమిదిలోంచి ఆరు తీసేస్తే ఎంత? ఒక కుర్రాడు నిద్రలోనే కళ్లను రెండుసార్లు అటూ ఇటూ తిప్పాడు. రెండు! అడిగిన ప్రతిసారీ జవాబు రాలేదు. సరైన జవాబులు వచ్చింది సుమారు 18 శాతం సార్లే. అయినా, కలలో ఉన్న మనిషితో మాట్లాడగలగడం చిన్న విషయమా?

ఇదేదో యోగులకే సాధ్యమనుకోకండి. యాభై ఏళ్లలో జరిగిన 34 అధ్యయనాల్ని కలిపి 2016లో లెక్క వేస్తే, సుమారు 55 శాతం మందికి జీవితంలో ఒక్కసారైనా ఎరుక కల వచ్చిందని తేలింది.

మరి పోయిన జన్మ?

అత్తమ్మ అసలు ప్రశ్న ఇదే. "గా ఇల్లు నిజంగ ఏడనో ఉందా?"

పునర్జన్మ సంగతిని పట్టుబట్టి వెతికినవారిలో వర్జీనియా విశ్వవిద్యాలయం మానసిక వైద్యుడు ఇయాన్ స్టీవెన్‌సన్ ఒకరు. 1961 నుంచి మన దేశానికి వచ్చి, వెనకటి జన్మ గుర్తుందనే పిల్లల్ని కలిశారు. బెంగళూరు నిమ్హాన్స్‌లో పనిచేసిన సత్వంత్ పస్రీచా కూడా ఇలాంటి ఉదంతాల్ని పరిశీలించారు. అయితే అవి ఎక్కువగా చిన్నపిల్లలు మెలకువగా ఉండి చెప్పిన మాటలు, కలలు కావు. స్టీవెన్‌సన్ కూడా 1966 నాటి తన పుస్తకం పేరులో 'రుజువు' అనలేదు, 'సూచించే' ఉదంతాలనే అన్నారు. శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది దాన్నీ ఒప్పుకోలేదు.

ఎరుక కలలు కన్నవాళ్లలో కొందరు అది ఈ లోకమంత గట్టిగా, ఇంతకంటే వెలుగ్గా ఉందంటారు. నిజమే కావచ్చు. కానీ ప్రయోగశాలలో వాళ్లు మంచం మీదే ఉన్నారు, మెదడు రెమ్ నిద్రలోనే ఉంది. ఎంత నిజంలా అనిపించిందన్నది ఒకటి. ఎక్కడికో వెళ్లొచ్చామన్నది మరొకటి. మొదటిదానికి రుజువుంది, రెండోదానికి లేదు. నమ్మకం ఎవరిష్టం వాళ్లది. కానీ ఆ నమ్మకానికి ఒకడు పదిహేను వేలు ధర కడితే మాత్రం ఆగి ఆలోచించాల్సిందే!

దమ్మక్క ఏం చేసింది?

ఇంత చెప్పినా అత్తమ్మ ఒక మాటకు నన్ను ఆపేసింది. "మరి దమ్మక్కకు కల రాలేదా? అది అబద్ధమా?"

మా జిల్లాలో ఈ ప్రశ్న వేయనివాళ్లుండరు. కొత్తగూడెం, పాల్వంచ దాటి, సారపాక దగ్గర గోదావరి వంతెన ఎక్కితే భద్రాచలం. ఆ గుడి కథ మొదలయ్యేదే ఒక గిరిజన స్త్రీ కలతో. భద్రారెడ్డిపాలెంలో ఉండే పోకల దమ్మక్కకు రాముడు కలలో కనిపించి, భద్రగిరి మీద పుట్టలో ఉన్నానని చెప్పాడంటారు. ఆమె వెళ్లి వెతికింది. గోదావరి నీళ్లు మోసుకొచ్చి పుట్టను కరిగించింది. విగ్రహాలు బయటపడితే తాటాకు పందిరి వేసింది. తాటిపండ్లు నైవేద్యం పెట్టింది. తర్వాత ఆ పరగణాకు తహసీల్దారుగా వచ్చిన నేలకొండపల్లి కంచెర్ల గోపన్నకు ఆ సంగతి చెప్పింది. గోపన్న గుడి కట్టించి, గోల్కొండ ఖైదులో పడి, రామదాసుగా మిగిలాడు. అప్పటి సుల్తాను అబుల్ హసన్ తానీషా పాలన 1672 నుంచి 1687 వరకు.

"అబద్ధమని నేనెక్కడన్నాను అత్తమ్మా? అయితే ఒకటి చూడు. దమ్మక్క కల కన్నది రాత్రి. నీళ్లు మోసింది పగలు. ఆ కల అర్థమేంటో చెప్పమని ఎవరికైనా డబ్బిచ్చిందా? తనే పోయి చూసుకుంది."

అత్తమ్మ ఏమీ అనలేదు. చాలాసేపు పత్తి గింజలు ఏరుతూ కూర్చుంది. తర్వాత అడిగింది. "అయితే నేనూ పోయి చూడాలంటే ఎట్ల?"

మీరూ ప్రయత్నిస్తారా?

నేను ఆమెకు చెప్పినవే మీకూ చెబుతున్నా. ఖర్చు లేదు, ఓపిక కావాలి.

పక్కన చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. లేచిన వెంటనే కల గుర్తున్నంత రాయండి. రాయడం రానివాళ్లు ఎవరికైనా చెప్పండి. వారంలో మీ కలల్లో మళ్లీ మళ్లీ వచ్చేవి తెలుస్తాయి.

పగలు నాలుగైదుసార్లు ఆగి 'ఇది కలా, నిజమా?' అని మనస్ఫూర్తిగా అడగండి. చేతి వేళ్లు చూసుకోండి. ఒక అక్షరాల బోర్డు చదివి, తలతిప్పి మళ్లీ చదవండి. కలలో వేళ్ల సంఖ్య, అక్షరాలు తరచూ మారిపోతుంటాయి. పగటి అలవాటు కలలోకీ వస్తుంది.

పడుకునేముందు 'ఈసారి కల వస్తే కల అని గుర్తుపడతాను' అని అనుకుంటూ నిద్రపోండి.

పీడకల అదేపనిగా వస్తుంటే ఇంకో మార్గం ఉంది. మెలకువలోనే ఆ కల ముగింపును మీకు నచ్చినట్టు మార్చి, రోజూ కాసేపు మనసులో ఊహించుకోండి. అమెరికాలోని న్యూ మెక్సికోలో లైంగిక దాడికి గురైన 168 మంది స్త్రీల మీద ఈ పద్ధతి పరీక్షించి 2001లో ఫలితాలు ప్రచురించారు. నేర్చుకున్నవాళ్లలో పీడకలలు తగ్గాయి, నిద్ర మెరుగుపడింది.

ఒక హెచ్చరిక. దీనికోసం అర్ధరాత్రి అలారాలు పెట్టుకుని నిద్ర పాడుచేసుకోవద్దు. మెలకువలోనే లేనివి కనిపించడం, వినిపించడం ఉన్నవాళ్లు ఈ ప్రయత్నం చెయ్యకూడదు. పీడకలల వల్ల రోజులు గడవడమే కష్టంగా ఉంటే మానసిక వైద్యుణ్ణి కలవడంలో సిగ్గేం లేదు.

వేలి మీద గాటు

అత్తమ్మకు చదువు రాదు. బోర్డు సంగతి కుదరదు. ఆమె ఎడమచేతి చూపుడు వేలి మీద కొడవలి గాటు ఉంది. పెళ్లయిన కొత్తలో జొన్న కోస్తుంటే తెగిందట. "రోజూ ఆ గాటు చూసుకుని, ఇది కలా నిజమా అని అడుక్కో అత్తమ్మా" అన్నాను. పత్తి తీస్తూ, రొట్టె కాలుస్తూ ఆమె వేలు చూసుకుని గొణుక్కోవడం చూసి మా మరిది నవ్వాడు. నవ్వనీ!

నెల దాటి మూడు రోజులైంది. తెల్లవారుజామున నన్ను తట్టి లేపింది.

"పోయిన బిడ్డా. గదే గడప. గదే పిల్ల. వేలు చూసుకున్న. గాటు లేదు! ఓహో, కలనే గదా అనుకున్న. భయం కాలే. గొంతు గూడ వచ్చింది. ఎవరి బిడ్డవే అని అడిగిన."

"ఏమంది?"

"ఆకలైతుందమ్మా అన్నది. లోపలికి పోయిన. కుండల అన్నం ఉంది. పెట్టిన. తిన్నది."

ఆ తర్వాత ఆ కల ఇంతవరకూ రాలేదు. చీటీ డబ్బు విత్తనాలకే పోయింది.

మొన్న చేలో పత్తి తీస్తుంటే అత్తమ్మ ఉన్నట్టుండి చెప్పింది. చిన్నప్పుడు వాళ్లమ్మ ఒక పెద్ద రైతు చేలో కూలికి పోయేదట. అమ్మ వచ్చేదాకా ఈమె ఆ రైతు ఇంటి గడప మీద కూర్చునేది. లోపలికి ఎన్నడూ పోలేదు. పొద్దుగూకినా అమ్మ రాకపోతే ఏడ్చేది. పెరట్లో చింతచెట్టు, గిలకబావి.

నాకు చరకుడి మూడో రకం గుర్తొచ్చింది, అనుభవించినది. "అయితే ఆ పిల్లవు నువ్వేనా అత్తమ్మా?" అన్నాను.

ఒడిలోని పత్తి సర్దుకుంటూ నవ్వింది.

"కావచ్చు బిడ్డా. పోయిన జన్మల బిడ్డ గూడ కావచ్చు. ఎవరైతేంది? ఆకలన్నది, పెట్టిన."